పరీక్షకు దొరకని వైరస్

ఈ ప్రసంగమునకు కారణము కొల్లాపూర్ నుండి వచ్చిన ఒక ఉత్తరము. ఆరోగ్య కార్యక్రమమునకు వచ్చు ఉత్తరములలో పెక్కు, ఒక మందు పేరునో ఒక వైద్యుని చిరునామానో అడుగునవి. ఈ సోదరుడు అట్టిదేమియు అడుగలేదు. ఆయన తల్లికి అరువది యేండ్లు దాటినవి. ఏడాది క్రిందట ఆమెకు కాళ్లు వాచి, కడుపు ఉబ్బి, అన్నము సహించకపోగా దగ్గర పట్టణములో చూపించిరి. కాలేయము గట్టిపడినదని, దానినే సిర్రోసిస్ అందురని అక్కడ చెప్పిరి. హెపటైటిస్ బి పరీక్ష చేయగా ‘నెగటివ్’ అని వచ్చినది. సి పరీక్షయు అంతే. ఆ కాగితము చూచి ఇరుగుపొరుగువారు తమ తీర్పు తాము చెప్పుకొనిరి. కామెర్ల వైరస్ లేకుండ కాలేయము చెడినదనగా ఇక మిగిలినది కల్లే గదా అని! ఆమె జన్మలో కల్లు ముట్టి యెరుగదట. మామిడితోటలలో కాయకోతలకు పోయి ముగ్గురు బిడ్డలను పెంచిన ఇల్లాలు ఆ మాట విని గడప దాటుట మానివేసినది. ఆరునెలలు గడచిన పిదప హైదరాబాదులో మరల పరీక్షించి, “బి వైరస్ ఉన్నది, కాని దాగియున్నది” అని చెప్పిరి.

“రెండు కాగితములలో ఏది నిజము? మా తమ్ముడు ఏటేట రక్తదానము చేయుచుండును, ఇకమీదట చేయవచ్చునా? మనుమలు ఆమె ప్రక్కన కూర్చుండి ఆమె పళ్లెములో తినవచ్చునా?” ఇవి ఆ సోదరుని ప్రశ్నలు. నేను వైద్యుడను గాను. కాలేయవ్యాధులలో చిరకాలానుభవము గల ఒక వైద్యమిత్రునికి ఆ ఉత్తరము చూపి, ఆయన చెప్పినదానిని, నేను చదివి తెలిసికొనినదానిని కూర్చి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదటి ప్రశ్నకు సమాధానము ముందే చెప్పెదను. రెండు కాగితములును నిజమే. మొదటి పరీక్ష అడిగిన ప్రశ్న వేరు, రెండవ పరీక్ష అడిగిన ప్రశ్న వేరు. ఈ భేదము తెలియవలెనన్న, ఆ వైరస్ మన దేహములో ఎట్లు కాపురముండునో కొంత తెలియవలెను.

కాలేయము మన కుడివైపు ప్రక్కటెముకల క్రింద నుండు, సుమారు కిలోన్నర బరువు గల అవయవము. తిన్న అన్నము యొక్క సారము ముందుగా దానికే చేరును. విషములను విరుచుట, రక్తము గడ్డకట్టుటకు కావలసిన పదార్థములను తయారుచేయుట, శక్తిని నిలువచేయుట దాని పనులు. దాని ఓర్పు గొప్పది. సగమునకు పైగా కోసి తీసివేసినను మిగిలిన భాగము తిరిగి పెరుగగలదు. ఈ ఓర్పే ఒక విధముగా కీడు. లోపల ఇరువది ముప్పది యేండ్లు నష్టము జరుగుచున్నను నొప్పి పుట్టదు. కాళ్లు వాచి, కడుపులో నీరు చేరి, మనిషికి తెలియునప్పటికి కాలేయములో మెత్తని కండ పోయి మచ్చకట్టిన పీచు మిగిలియుండును.

హెపటైటిస్ బి వైరస్ మిక్కిలి చిన్నది. ఒక మిల్లీమీటరు పొడవున 20,000 వైరసులను వరుసగా పేర్చినను ఇంకను చోటు మిగులును. మానవుని జన్యుగ్రంథములో సుమారు 300 కోట్ల అక్షరములుండగా, దీని గ్రంథమంతయు సుమారు 3,200 అక్షరములే. అయినను దాని నేర్పు తక్కువది కాదు. అది కాలేయకణములో ప్రవేశించి, కణకేంద్రములోనికి పోయి, అక్కడ తన జన్యుగ్రంథమును ఒక వలయముగా చుట్టి భద్రపరచుకొనును. వెనుకటి పట్వారీ ఇంట దస్తరములో అసలు పహాణీ ఉండెడిది. ఎవరికి కావలసినను దానిని చూచి నకలు వ్రాసి ఇచ్చెడివాడు. నకళ్లు చించివేసినంతమాత్రమున అసలు పోదు. కణకేంద్రములోని ఆ వలయము అట్టి అసలు దస్తావేజు. రక్తములో తిరుగు వైరసులు నకళ్లు మాత్రమే. నేడు మనకున్న మందులు నకళ్లు వ్రాయుటను ఆపగలవు గాని అసలును తుడిచివేయలేవు.

ఈ వైరస్‌కు ఇంకొక అలవాటు కలదు. తనకు కావలసిన దానికన్న ఎన్నోరెట్లు ఎక్కువగా పైతొడుగులను తయారుచేసి రక్తములోనికి వదలును. కళ్లములో తూర్పారబట్టునపుడు గింజకన్న పొట్టే ఎక్కువ ఎగురునట్లు, నిజమైన వైరసులకన్న ఉత్త తొడుగులే రక్తములో పెక్కు రెట్లు తిరుగుచుండును. సామాన్యముగా మన ఆసుపత్రులలో చేయు మొదటి పరీక్ష, కాగితముమీద ‘హెచ్‌బిఎస్‌ఎజి’ అని వ్రాయునది, ఈ పొట్టునే పట్టుకొనును. పొట్టు ఎగిరిన గింజ ఉన్నదని అర్థము. మరి పొట్టు కనబడనిచో? అక్కడనే చిక్కు వచ్చినది.

ఈ పొట్టును మొదట కనిపెట్టిన అమెరికా శాస్త్రజ్ఞుడు బరూచ్ బ్లూంబర్గ్ కామెర్లను వెదకుచు బయలుదేరినవాడు కాడు. జాతిజాతికి రక్తములోని మాంసకృత్తులు ఎట్లు మారుచుండునో తెలిసికొన గోరి, దేశదేశముల రక్తమును సేకరించెను. ఆస్ట్రేలియా ఆదిమవాసి ఒకరి రక్తములో ఒక క్రొత్త పదార్థము ఆయనకు దొరకెను. 1965లో దానిని ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ అను పేర ప్రకటించిరి. మరి రెండు మూడేండ్లకు గాని అది హెపటైటిస్ బికి సంబంధించినదని తేలలేదు. 1976లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. ఆయన జన్మదినమైన జూలై 28వ తేదీనే ఇప్పుడు ప్రపంచ హెపటైటిస్ దినముగా పాటించుచున్నారు. ఆ పరీక్ష వచ్చిన తరువాత రక్తనిధులలో ఎన్ని ప్రాణములు నిలిచినవో లెక్కకట్టలేము. అయితే అంత మంచి పరీక్ష చేతికి వచ్చుటతో, దానికి దొరకినదే ఉన్నదనియు, దొరకనిది లేనే లేదనియు ఒక భావము స్థిరపడిపోయినది.

ఈ భావమునకు తొలి దెబ్బ రక్తమార్పిడివలననే తగిలినది. పొట్టు పరీక్షలో నిర్దోషమని తేలిన రక్తము ఎక్కించుకొనిన రోగులలో కొందరికి హెపటైటిస్ బి సోకుచుండెను. దాతల రక్తమును మరల పరిశీలింపగా, వైరస్ యొక్క లోపలి గుండుకు ప్రతిగా దేహము తయారుచేసిన ప్రతిరక్షకము మాత్రము వారిలో కనబడెను. అమెరికాలో హూఫ్‌నేగిల్, ఆయన సహచరులు 1978లో ఈ సంగతి ప్రకటించిరి. 1985లో ఫ్రాన్సులో బ్రెషో బృందమువారు ఇంకొక అడుగు ముందుకు వేసి, దీర్ఘకాల కాలేయవ్యాధి ఉండియు పొట్టు పరీక్షలో ఏమియు కనబడని రోగులలో వైరస్ యొక్క జన్యుపదార్థమునే చూపించిరి. తరువాత పి.సి.ఆర్. అను పద్ధతి వచ్చినది. కోవిడ్ దినములలో మనమందరము ముక్కులో పుల్ల పెట్టించుకొని చేయించుకొనినది ఆ పద్ధతి పరీక్షయే. లేశమంత జన్యుపదార్థమును లక్షలరెట్లు పెంచి చూపుట దాని ప్రజ్ఞ. ఆ సాధనముతో ఇటలీలోని మెస్సీనా నగరమున రైమొండో మొదలగువారు హెపటైటిస్ సి గల 200 మంది రోగుల కాలేయపు ముక్కలను పరీక్షించి 1999లో ఫలితములు ప్రకటించిరి. వారెవ్వరికిని బి పొట్టు పరీక్షలో ఏమియు లేదు. అయినను 66 మంది కాలేయములో, అనగా ముగ్గురిలో ఒకరికి, బి వైరస్ దాగియుండెను. దాగినవారిలో సిర్రోసిస్ పాలైనవారు నూటికి 33 మంది, లేనివారిలో 19 మంది. మనదేశములో ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థవారు ఇట్టి రోగులనుండి వైరస్ యొక్క పూర్తి జన్యుగ్రంథమును చదివి, పైతొడుగు తయారీని నడపు భాగములో మార్పులుండుటను 2004లో ప్రకటించిరి. పొట్టు ఎందుకు ఎగురలేదో దానివలన కొంత బోధపడినది.

2008లో ఇటలీలోని తావోర్మీనాలో నిపుణులు సమావేశమై దీనికొక నిర్వచనము చేసిరి. పొట్టు పరీక్షలో ఏమియు లేకుండ, కాలేయములో వైరస్ జన్యుపదార్థముండుట గుప్త హెపటైటిస్ బి. రక్తములో అది ఉండవచ్చును, ఉండకపోవచ్చును. ఉన్నను మిక్కిలి స్వల్పము, సామాన్యముగా మిల్లీలీటరునకు 200 యూనిట్లకు లోపు. 2018లో వారు మరల కూడి, కాలేయములో దొరకినది తిరిగి పెరుగగల వైరస్ అయియుండవలెనని స్పష్టము చేసిరి.

వైరస్ ఎందుకు దాగును? సోమశిల రేవు చూచినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. శ్రీశైలము జలాశయము నిండినపుడు సంగమేశ్వరుని ఆలయము నీటమునిగిపోవును. దోనెమీద పైనుండి పోవువానికి క్రింద గుడి ఉన్నదన్న జాడయే తెలియదు. వేసవిలో నీరు తీసిన కొలది ముందు శిఖరము, పిదప గోడలు బయటపడును. (దేవాలయమును వైరస్‌తో పోల్చినందులకు భక్తులు మన్నింతురుగాక.) దేహముయొక్క రోగనిరోధకశక్తి ఆ నీటివంటిది. అది నిండుగా ఉన్నంతకాలము వైరస్‌ను అణచి ఉంచును, నకళ్లు వ్రాయనీయదు. గుడి ఎక్కడికిని పోలేదు. నీరు తగ్గిననాడు మరల పైకి తేలును. గుప్త హెపటైటిస్ బిలో ఎక్కువమంది కథ ఇదియే. కొందరిలో మాత్రము నీటి ప్రసక్తి లేదు. వైరస్ తన పైతొడుగు ఆకారమునే కొద్దిగా మార్చుకొనుటవలన పరీక్షకు చిక్కదు. ఇంకను కొందరిలో, పైన ఇటలీవారి రోగులలో వలె, సి వైరస్ కూడ ఉండి బి వైరస్‌ను వెనుకకు నెట్టివేయును.

ఇక్కడ మన పల్లెలలోని ఒక నమ్మకమును గూర్చి చెప్పకతప్పదు. పచ్చకామెర్లు వచ్చిన పసరు పోయించుట మనకు పరిపాటి. కొన్నిచోట్ల వాతలు పెట్టుటయు కలదు. పసరుతో తగ్గినదని వేలమంది ప్రమాణము చేసి చెప్పుదురు. వారు అబద్ధమాడుట లేదు. కలుషితమైన నీటివలన వచ్చు ఏ, ఈ రకముల కామెర్లు చాలవరకు పసరు పోసినను పోయకున్నను కొన్ని వారములలో వాటంతట అవియే తగ్గును. పెద్ద వయస్సులో బి రకము సోకినవారిలోను నూటికి 95 మందికి పైగా పొట్టు పరీక్షలో నిర్దోషులగుదురు. కండ్ల పసుపు పోయినది, ఆకలి పుట్టినది, రోగము పోయినదని తలతుము. ఆ మాట ఏ, ఈ రకములకు నిజము. బి రకమునకు సగమే నిజము. నకళ్లు చిరిగినవి గాని కాలేయపు దస్తరములో అసలు మిగిలియే ఉండవచ్చును. నా దృష్టిలో ఈ వ్యాధిని గూర్చి తెలిసికొనవలసిన ముఖ్యవిషయము ఇది. ఎప్పుడో ముప్పదియేండ్లక్రిందట తగ్గిపోయిన కామెర్లను వైద్యునికి చెప్పుటయెందుకని మనము ఊరకుందుము. వైద్యునికి కావలసిన మాట సరిగా అదియే.

పసితనములో సోకినవారి సంగతి వేరు. పురిటిలో తల్లినుండి సోకిన బిడ్డలలో నూటికి 90 మందికి అది దీర్ఘకాలము నిలిచిపోవును. వారికి కామెర్లు రానేరావు, కన్ను పచ్చబడదు. పొట్టు మాత్రము రక్తములో దశాబ్దములు తిరుగుచుండును. ఏటేట అట్టివారిలో సుమారు నూటికొకరికి ఆ పొట్టు తనంతట తాను మాయమగును. అప్పుడు పరీక్ష చేసిన ‘నెగటివ్’ అనియే వచ్చును. కాని ఆ లోపల కాలేయమునకు జరుగవలసిన నష్టము జరిగియుండవచ్చును. కొల్లాపూర్ తల్లి కథ ఇట్టిదే అయియుండవచ్చునని నా వైద్యమిత్రుని ఊహ. ఆమె పుట్టినది మంత్రసాని చేతిమీదుగా. పెరిగినది సూదిమందు అనగా గాజు సిరంజి ఒక్కటే ఊరందరికి పనిచేసిన కాలములో. చేతిమీద పచ్చబొట్టు పొడిపించుకొనినది జాతరలో, ఒకే సూదితో పదిమందికి పొడిచినవాని చేత. సరిగా ఉడికించని సూది గాని, పదునుపెట్టిన మంగలికత్తి గాని ఒకరి రక్తమును మరొకరికి చేర్చుటకు కంటికి కనబడనంత చాలును. ఆమె ఏ దారిని పొందినదో ఇప్పుడు చెప్పగలవారు లేరు. చెప్పవలసిన అవసరమును లేదు.

అయితే ఒక హెచ్చరిక. దాగిన వైరస్ దొరకినంతమాత్రమున కాలేయమును చెరచినది అదొక్కటియే అని తీర్పు చెప్పుట తొందరపాటు. శాస్త్రజ్ఞులలోనే ఈ విషయమున రెండు మాటలు చాలకాలము నడచినవి. ఇప్పుడు చాలమంది అంగీకరించునది ఇది: కాలేయము ఆరోగ్యముగా ఉన్నవానిలో దాగిన వైరస్ కీడు చేయదు. వేరొక కారణమున ఇప్పటికే దెబ్బతినుచున్న కాలేయములో మాత్రము అది మచ్చకట్టుటను త్వరపెట్టును, కాలేయపు క్యాన్సరునకు అవకాశము పెంచును. కొల్లాపూర్ తల్లికి మధుమేహము కూడ పదేండ్లనుండి ఉన్నదట. మధుమేహము, ఊబకాయము గలవారికి కాలేయములో కొవ్వు చేరి, ఏమియు త్రాగకయే సిర్రోసిస్ వచ్చుట నేడు సర్వసాధారణము. కనుక ఆమె కాలేయములో రెండు చేతులు పనిచేసియుండవచ్చును. ఇరుగుపొరుగువారు అనుకొనిన మూడవ చేయి మాత్రము లేదు.

మరి ఎవరు అనుమానింపవలెను? ఊరిలో ప్రతివారును ఈ పరీక్షకు పరుగెత్తవలసిన పనిలేదు. కాలేయము గట్టిపడి కారణము తేలనివారు, సి వైరస్‌కు మందు మొదలుపెట్టబోవువారు, క్యాన్సరునకో కీళ్లవాతమునకో రోగనిరోధకశక్తిని తగ్గించు మందులు వాడబోవువారు, మూత్రపిండములు చెడి డయాలసిస్‌పై నున్నవారు తమ వైద్యుని ఒక్క ప్రశ్న అడుగవలెను: “పైతొడుగు పరీక్షతో పాటు కోర్ యాంటీబాడీ పరీక్ష కూడ చేసినారా?” అని. కాగితముమీద అది ‘యాంటీ హెచ్‌బిసి టోటల్’ అని ఉండును. వైరస్ ఎప్పుడైన దేహములో అడుగుపెట్టినదా లేదా అన్నది అది తెలుపును. అది కనబడిన, అవసరమునుబట్టి వైరస్ డి.ఎన్.ఏ. పరీక్ష చేయుదురు. గుప్త హెపటైటిస్ గలవారిలో సుమారు ఐదింట ఒకరికి కోర్ యాంటీబాడీ కూడ కనబడదు. కనుక అనుమానము బలముగా ఉన్నచో వైద్యుడు నేరుగా డి.ఎన్.ఏ. పరీక్షకే పోవచ్చును. ఒక్కొక్కప్పుడు ఆ పరీక్షయు ఒకనాడు చూపి మరియొకనాడు చూపకపోవచ్చును. నీటిలో అలకు శిఖరము కనబడి మాయమైనట్లు.

రోగనిరోధకశక్తిని తగ్గించు మందులమాట ఎత్తితిని గదా, దానిని ఇంకొకమాట విప్పి చెప్పవలెను. ఈ వ్యాధిలో అసలైన ప్రమాదము అక్కడ ఉన్నది. రిటుక్సిమాబ్ అను మందు కొన్ని రక్తక్యాన్సర్లకు, కొన్ని కీళ్లజబ్బులకు వాడుదురు, మంచి మందు. కాని అది జలాశయము తలుపులెత్తినట్లు రోగనిరోధకశక్తిని ఒక్కసారిగా దించివేయును. ఏండ్లతరబడి దాగిన వైరస్ విజృంభించి, కాలేయము కొన్ని వారములలో పూర్తిగా విఫలమై మరణించినవారు కలరు. అమెరికా ఔషధ నియంత్రణసంస్థ 2013లో ఆ మందుపై ఈ విషయమున అతితీవ్రమైన హెచ్చరిక ముద్రింపజేసినది. సి వైరస్‌ను నయముచేయు క్రొత్త మాత్రలపై 2016లో అట్టిదే మరియొక హెచ్చరిక వచ్చినది. సి వైరస్ పోగానే, అది అణచియుంచిన బి వైరస్ తల యెత్తుటయే కారణము. ముందుగా తెలిసియున్న ఇది తప్పించుకొనదగిన ప్రమాదము. మందు మొదలుపెట్టకమునుపే టెనోఫోవిర్ గాని ఎంటెకావిర్ గాని ఇచ్చి, అది ముగిసిన తరువాతను కొన్ని నెలలు కొనసాగించిన చాలును. దినమునకు ఒక మాత్ర. ఆ ఒక్క మాత్రకును ఒక ప్రాణమునకును నడుమ ఉన్నది ముందుగా చేయించవలసిన రక్తపరీక్ష యొక్కటే.

చికిత్సకూడ అందరికి అవసరము లేదు. దాగినదని తెలిసినను, కాలేయము బాగుండి, రక్తములో వైరస్ లేనివానికి ఏ మందును అక్కరలేదు. కాలేయము గట్టిపడి రక్తములో వైరస్ కొద్దిగానైన కనబడుచున్నచో మందు వాడవలెనా అన్నది వైద్యుడు నిర్ణయించును. కొల్లాపూర్ తల్లికి మొదలుపెట్టినారు. ఆరునెలలకొకసారి కడుపు స్కానింగు చేసి క్యాన్సరు గడ్డలు పుట్టుచున్నవేమో చూచుట సిర్రోసిస్ గల ప్రతివారికి విధి. చిన్నదిగా ఉన్నపుడు దొరకిన గడ్డకు చికిత్స కలదు. కేంద్రప్రభుత్వము 2018 జూలై 28న ప్రారంభించిన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమము క్రింద బి, సి రకముల పరీక్షలు, మందులు ఉచితముగా ఇచ్చుచున్నారు. జిల్లా ఆసుపత్రిలోను ప్రభుత్వ వైద్యకళాశాలల ఆసుపత్రులలోను ఆ పేరు చెప్పి విచారింపవలెను.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2024లో ప్రకటించిన లెక్కల ప్రకారము 2022లో ప్రపంచమున 25 కోట్ల 40 లక్షలమందికి దీర్ఘకాల హెపటైటిస్ బి ఉన్నది. అందు సుమారు 2 కోట్ల 98 లక్షలమంది మన దేశమువారు. ఇది పొట్టు పరీక్షలో దొరకువారి లెక్క. దాగినవారు ఇందులో లేరు.

ఇక రక్తదానము. మన రక్తనిధులలో ప్రతి సీసాకు పైతొడుగు పరీక్ష చేయుదురు. వైరస్ జన్యుపదార్థమును నేరుగా పట్టు ‘నాట్’ అను పరీక్ష కొన్ని రక్తనిధులలో కలదు, అన్నిచోట్ల లేదు. నీరు నిండినపుడు దోనెమీద పోవువాడు గుడిని చూడలేనట్లు, మొదటి పరీక్ష ఒక్కటియే చేసినచోట దాగిన వైరస్ తప్పించుకొనవచ్చును. ఆ తమ్ముడు ఆ తల్లి కడుపున పుట్టినవాడు. ఆమెకు యౌవనములో పొట్టు రక్తములో నిండుగా ఉండియుండవచ్చును. కనుక తాను ఆరోగ్యముగా ఉన్నానను ధైర్యముచాలదు. ముందు కోర్ యాంటీబాడీ పరీక్ష చేయించుకొనవలెను. అది కనబడినచో రక్తదానము మానవలెను. అతడు చేసినది పుణ్యకార్యమే, మానుటయు అట్టిదే.

మనుమలను గూర్చి అడిగిన ప్రశ్న చదివినపుడు నాకు మనసు కలుక్కుమన్నది. ఇంటిలో ఒకరికి వైరస్ ఉన్నదని తెలిసిన మరునాడే వారి గ్లాసు, చెంబు, పళ్లెము వేరుచేయుట మనవారి అలవాటు. ఈ వైరస్ రక్తమువలన, పురిటిలో తల్లినుండి బిడ్డకు, దాంపత్యమువలన సోకును. అన్నమువలన, నీటివలన, ముట్టుకొనుటవలన, ఒడిలో కూర్చుండుటవలన సోకదు. ఆమె గోళ్లు తీయు కత్తెర, పండ్లు తోము బ్రష్షు, సూదిమందు సూది వేరుగా ఉండవలెను. అంతే. మనుమలు ఆమె పళ్లెములో నిశ్చింతగా తినవచ్చును.

పైగా ఆ మనుమలకు వారి నాయనమ్మకు లేని రక్షణ కలదు. హెపటైటిస్ బి టీకా ఒకప్పుడు విదేశములనుండి వచ్చెడిది, సామాన్యునికి అందనంత ఖరీదు. హైదరాబాదులో కె.ఐ. వరప్రసాదరెడ్డి గారు స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దానిని మనదేశములోనే తయారుచేసి, ఆ ఖరీదులో స్వల్పభాగమునకే అందించినది. మనదేశములో జన్యుసాంకేతిక విధానమున తయారైన తొలి టీకా అది. తరువాత ప్రభుత్వ టీకాల కార్యక్రమములో అది చేరి, 2011 నాటికి దేశమంతట వ్యాపింపసాగినది. ఇప్పుడు బిడ్డ పుట్టిన 24 గంటలలో ఒక మోతాదు, పిదప ఆరు, పది, పదునాలుగవ వారములలో ఐదు వ్యాధుల టీకాలో భాగముగా మూడు మోతాదులు ఇచ్చుచున్నారు. ఆ మొదటి 24 గంటల మోతాదు తల్లినుండి బిడ్డకు పోవు దారిని మూయుటకు ముఖ్యము. కానుపు ఇంటిలో జరిగినపుడు అదియే తప్పిపోవుచుండును. టీకా క్రొత్తగా సోకకుండ కాపాడును. సోకినవానినుండి వైరస్‌ను తొలగింపదు. పెద్దవారిలో కోర్ యాంటీబాడీ, పైతొడుగు రెండును లేనివారు మూడు మోతాదులు వేయించుకొనవచ్చును.

ఈ ప్రసంగము సిద్ధము చేయుచుండగా కొల్లాపూర్ సోదరునినుండి మరియొక కార్డు వచ్చినది. ముగ్గురు బిడ్డలును పరీక్ష చేయించుకొనినారట. తమ్మునికి కోర్ యాంటీబాడీ ఉన్నది, డి.ఎన్.ఏ. కనబడలేదు, కాలేయము బాగుగా ఉన్నది. మందు అక్కరలేదని, ఏటికొకసారి వచ్చి చూపించుకొనుమని చెప్పిరట. రక్తదానము మానివేసినాడు. అన్నగారికిని చెల్లెలికిని ఏమియు లేదు, టీకా మొదటి మోతాదు వేయించుకొనినారు. తల్లికి కడుపులోని నీరు తగ్గినది, ఉప్పు తగ్గించి తినుచున్నది. హైదరాబాదు కాగితమును ఎవరైన అడిగిన చూపుటకై ఆమె దానిని అద్దము వెనుక దాచి ఉంచినదని ఆయన వ్రాసినాడు. ఇంతవరకు ఎవ్వరును అడుగలేదట.